రేవెన్‌ను, కాకిని విడివిడిగా గుర్తుపట్టడం ఎలా

తెలుగు ఊళ్లలో పెరిగినవారికి కాకిని గుర్తుపట్టడం ఒకరు నేర్పవలసిన విద్య కాదు. పెరటి గోడ మీద వాలి అరిస్తే చుట్టాలు వస్తారని చెప్పుకున్నాం. తద్దినం నాడు అది వచ్చి పిండం ముట్టేదాకా ఆకలితో ఎదురుచూశాం. చిక్కు వచ్చేది ఇల్లు విడిచి దూరం వెళ్లినప్పుడు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు గ్రాండ్ కాన్యన్ అంచున కారు దిగి, ఎదురుగా పిట్టగోడ మీద కూర్చున్న కోడిపెట్టంత నల్లటి పక్షిని చూసి, ఈ దేశపు తిండికి కాకులు కూడా ఎంత ఒళ్లు చేశాయో అని నవ్వుకుంటారు. అది ఒళ్లు చేసిన కాకి కాదు, రేవెన్. కాకికి దగ్గరి చుట్టమే గాని కాకి కాదు. ఈ రెంటినీ వేరు చేసి చెప్పడానికి గమనించవలసిన గుర్తులు చాలానే ఉన్నాయి. అయితే వాటిని ఏ వరుసలో గమనిస్తారన్నదే ముఖ్యం. చాలామంది పొరపాటు పడేది పక్షిని సరిగా చూడక కాదు, చిట్టచివర చూడవలసిన పరిమాణాన్ని అన్నిటికంటే ముందు చూడడం వల్ల.

ముందుగా పేర్ల చిక్కు విప్పుకోండి

రేవెన్‌కు తెలుగు మాట ఏమిటని అడిగితే చాలామంది బొంతకాకి అంటారు. ఈ జవాబును మీరు మొదటే పక్కన పెట్టాలి. మన తోటల్లో, ఊరి చివర చింతచెట్ల మీద కనిపించే బొంతకాకి ఒళ్లంతా నల్లగా, లావుపాటి ముక్కుతో ఉండి, ఊరకాకి కంటే పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు రేవెన్‌కు అంటుకుపోయింది గాని, అది నిజంగా కాకే. దక్కను ప్రాంతంలో పక్షులను పరిశీలించిన సైక్స్ అనే సైనికాధికారి 1832లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. రేవెన్ దానికంటే బాగా పెద్దది, వేరే జాతి, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అసలు ఉండదు.

సంస్కృతంలో మాత్రం మాటకు కొరత లేదు. అమరకోశం వాయసం, బలిభుక్కు, కరటం, ధ్వాంక్షం అంటూ కాకి పేర్లు వరుసగా చెప్పి, ఆ తరువాత ద్రోణకాకం, కాకోలం అని మరొక కాకిని విడిగా చెబుతుంది. తెలుగు బైబిలులో ఏలీయా ప్రవక్తకు వాగు ఒడ్డున ఆహారం తెచ్చి ఇచ్చినవి కాకోలములే. ఆ కథ జరిగిన నేల రేవెన్లు తిరిగే నేల కనుక అనువాదకులు ఎంచుకున్న మాట చక్కగా కుదిరింది. కాని కాకోలం అంటే ఈ రోజు వీధిలో ఎవరికీ తెలియదు. అందుకే ఇక్కడ రేవెన్ అన్న మాటనే వాడుతున్నాను.

మరొక సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. కాకులూ రేవెన్లూ రెండు వేర్వేరు కుటుంబాలు కావు. రెండూ కోర్వస్ అనే ఒకే ప్రజాతిలోనివి. ఆ ప్రజాతిలో 40కి పైగా జాతులున్నాయి. వాటిలో పెద్దవాటిని ఇంగ్లీషువారు రేవెన్ అనీ, చిన్నవాటిని క్రో అనీ పిలుస్తూ వచ్చారు, అంతే. వంశవృక్షం ఈ పేర్లను పట్టించుకోదు. ఉదాహరణకు ఆస్ట్రేలియాలో రేవెన్ అని పిలిచే పక్షులు యూరప్ రేవెన్ కంటే ఆస్ట్రేలియా కాకులకే దగ్గరి చుట్టాలు. కాబట్టి "కాకికీ రేవెన్‌కూ తేడా ఏమిటి" అన్న ప్రశ్నకు ప్రపంచమంతటికీ పనికొచ్చే ఒకే జవాబు లేదు. ఏ కాకికీ, ఏ రేవెన్‌కూ అని అడగాలి. ఇక్కడ వట్టిగా రేవెన్ అన్నప్పుడల్లా 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ కోర్వస్ కోరాక్స్ అని పేరు పెట్టిన సామాన్య రేవెన్ అనే అర్థం చేసుకోండి. ఉత్తర అమెరికా, యూరప్, ఉత్తర ఆసియా అంతటా వ్యాపించినది అదే.

మొదటి మెట్టు: మీరు ఎక్కడ నిలబడి ఉన్నారో చూసుకోండి

పక్షిని చూడకముందే సగం జవాబు చెప్పగలిగే మెట్టు ఇది. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా మీరు ఎక్కడ ఉన్నా, చూసిన కాకి ఎంత పెద్దదైనా అది రేవెన్ కాదు. మెడ చుట్టూ బూడిదరంగు ఉంటే ఊరకాకి, లేకుంటే బొంతకాకి. ఇక్కడితో ఈ ప్రశ్న ముగిసింది. మిగిలిన మెట్లు ఎక్కనవసరం లేదు.

మన దేశంలో రేవెన్‌ను చూడాలంటే రెండు దిక్కులున్నాయి. ఒకటి లద్దాఖ్ వంటి ఎత్తైన హిమాలయ ప్రాంతం. పాంగాంగ్ సరస్సు దారిలో, చాంగ్‌తాంగ్ పీఠభూమి మీద చెట్టన్నది లేని కొండల పైన గాలిలో తేలుతూ కనిపించే పెద్ద నల్ల పక్షి రేవెన్ కావడానికే ఎక్కువ అవకాశం. రెండోది రాజస్థాన్ ఎడారి వైపు. చనిపోయిన పశువులను పడవేసే బీకానేర్ సమీపంలోని జోర్‌బీర్‌లో చలికాలంలో రాబందులతో పాటు రేవెన్లు కూడా చేరుతాయి. లద్దాఖ్‌లో మీరు మరొక జాగ్రత్త తీసుకోవాలి. అక్కడ ముక్కు పసుపుగానో ఎర్రగానో ఉన్న నల్లటి పక్షులు గుంపులుగా ఎగురుతుంటాయి. అవి చఫ్‌లు, కాకికి మరో వరుసలో చుట్టాలు. ముక్కుకు రంగు ఉంటే అది కాకీ కాదు, రేవెనూ కాదు.

గల్ఫ్‌లో పనిచేస్తున్నవారికి ఇదే ప్రశ్న వేరే రూపంలో వస్తుంది. దుబాయిలోనో మస్కట్‌లోనో మీ గది కిటికీ ముందు అరిచే బూడిదరంగు మెడ కాకి సాక్షాత్తూ మన ఊరకాకే. ఓడలెక్కి రేవులు పట్టుకుని అక్కడికి చేరిన జాతి అది, అక్కడి ప్రభుత్వాలకు పెద్ద తలనొప్పి అయింది కూడా. ఊరు దాటి ఎడారిలోకి వెళ్లినప్పుడు కనిపించే పెద్దది, మెడ మీద గోధుమరంగు ఛాయ ఉన్నది, గోధుమ మెడ రేవెన్. ఒమన్‌లోని సలాలా కొండల వైపు వెళితే తోక దాదాపు లేనట్టుండే మరో రేవెన్ కనిపిస్తుంది. ఎగురుతున్నప్పుడు దాని ఆకారం గబ్బిలాన్ని తలపిస్తుంది, ఒకసారి చూస్తే మళ్లీ పొరపడరు.

అమెరికా విషయానికి వస్తే ఊరిని బట్టి లెక్క మారుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో కాకులూ రేవెన్లూ రెండూ ఊరి మధ్యనే ఉంటాయి, గత కొన్ని దశాబ్దాల్లో రెండూ పెరిగాయి కూడా; కాబట్టి అసలు పరీక్ష అక్కడే. సియాటిల్ నగరంలో చూసేవి ఎక్కువగా కాకులు, కొండల వైపు వెళ్లినకొద్దీ రేవెన్లు. గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ, డెత్ వ్యాలీ వంటి చోట్ల పర్యాటకుల చుట్టూ తిరిగేది సాధారణంగా రేవెనే. న్యూజెర్సీలో కాకులు రెండు రకాలు, అమెరికా కాకీ, దానికంటే కొంచెం చిన్నదైన చేపకాకీ. రేవెన్ అక్కడ ఇటీవలి కాలంలో మళ్లీ గూళ్లు పెట్టడం మొదలుపెట్టింది. డాలస్, హ్యూస్టన్‌లలో ఉండేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: సాయంత్రం వేళ కిరాణా దుకాణాల పార్కింగ్ స్థలాల్లో వేలకొద్దీ చేరి గోలచేసే, పొడవాటి తోక, పసుపు కళ్లు ఉన్న నల్ల పక్షి గ్రాకిల్. అది కాకి కుటుంబానికే చెందదు. టెక్సస్‌లో పడమటికి పోయేకొద్దీ మాత్రం రెండు రకాల రేవెన్లు ఎదురవుతాయి. వాటిలో చిన్నదైన చివావా రేవెన్ కాకికీ పెద్ద రేవెన్‌కూ నడిమధ్య పరిమాణంలో ఉండి, అనుభవమున్నవారిని కూడా తికమకపెడుతుంది.

రెండో మెట్టు: ఇంటి దగ్గరే కన్నును సాధన చేయించండి

ప్రయాణానికి ముందు వారం పది రోజులు మీ ఇంటి చుట్టూ ఉన్న ఊరకాకినీ బొంతకాకినీ శ్రద్ధగా చూడండి. ఇది వృథా శ్రమ అనిపించవచ్చు గాని, దూరదేశంలో పనికొచ్చే చూపు ఇక్కడే అలవడుతుంది. ఊరకాకి నుదురు, రెక్కలు, గొంతు నల్లగా మెరుస్తూ, మెడ, రొమ్ము బూడిదరంగులో ఉంటాయి, ముక్కు సన్నం, అరుపు పలచన. బొంతకాకి అంతా ఒకే నలుపు, ముక్కు లావు, పై అంచు వంపు తిరిగి నుదుటి దగ్గర గట్టులా లేచి ఉంటుంది, అరుపు బరువు. రంగు చూడకుండా, కళ్లు మూసుకుని అరుపును బట్టి ఇది ఏ కాకి అని చెప్పగలిగిన రోజున మీరు తరువాతి మెట్టుకు సిద్ధమైనట్టే. ఎందుకంటే విదేశంలో మీకు రంగు సాయం ఉండదు. అమెరికా కాకీ నలుపే, రేవెనూ నలుపే.

మూడో మెట్టు: కళ్ల కంటే ముందు చెవులను నమ్మండి

అన్ని గుర్తుల్లోనూ నేను ఎక్కువగా నమ్మేది గొంతునే. ఎండ, దూరం, పొగమంచు కంటిని మోసగించినంత తేలికగా చెవిని మోసగించలేవు. అమెరికా కాకి అరుపు మన చెవికి కొత్తగా ఉండదు. అదే "కా, కా" అన్న విడివిడి పిలుపు, ఊరకాకి కంటే కొంచెం నిండుగా, తెరిచిన నోటి నుంచి వచ్చినట్టు ఉంటుంది. రేవెన్ అరుపు పుట్టే చోటే వేరు అనిపిస్తుంది. కడుపులోంచి పైకి వచ్చి, గొంతులో ఒకసారి గరగరలాడి బయటపడినట్టు "క్రర్ర్‌క్, క్రర్ర్‌క్" అని బొంగురుగా వినిపిస్తుంది. ఖాళీ బిందెలో మాట్లాడినట్టు దానిలో ఒక ప్రతిధ్వని ఉంటుంది. లోయల్లో ఆ పిలుపు చాలా దూరం సాగుతుంది.

అయితే రేవెన్ ఒక్క పిలుపుతో సరిపెట్టుకునే పక్షి కాదు. జంటలో ఒకటి మరొకదానితో మాట్లాడేటప్పుడు చెక్క మీద వేలితో కొట్టినట్టు టకటకమనడం, నీటిబొట్టు కుండలో పడినట్టు శబ్దం చేయడం, గంట మోగినట్టు పలకడం మామూలే. ఇతర పక్షులనూ, మనుషుల చుట్టూ పెరిగితే మనుషుల మాటలనూ అనుకరించగలదు. అందువల్ల కొండ మీద మీకు అంతుచిక్కని వింత శబ్దం నల్లటి పక్షి నుంచి వస్తే, అది రేవెన్ అనుకోవడంలో తప్పు లేదు గాని, అక్కడే నిర్ణయం రాసేయకండి. అమెరికా కాకి కూడా అప్పుడప్పుడు గిలక తిప్పినట్టు చప్పుడు చేస్తుంది. బొంగురు పిలుపు ఒక్కసారైనా వినేదాకా ఓపిక పట్టండి.

వేసవిలో గూడు దిగిన కాకిపిల్లలు తిండి కోసం ముక్కుతో సాగదీసి ఏడుస్తాయి. న్యూజెర్సీ వంటి తూర్పుతీరపు ఊళ్లలో చేపకాకి అరుపు కూడా ముక్కుతో పలికినట్టే, వద్దు వద్దని గొణిగినట్టు "అఁ, అఁ" అని ఉంటుంది. కాకిపిల్లను చేపకాకి అనీ, చేపకాకిని మరేదో అనీ పొరపడేది ఈ రోజుల్లోనే. బొంగురుతనానికీ ముక్కుమాటకూ తేడా పట్టుకుంటే రేవెన్ విషయంలో మాత్రం ఈ గొడవ ఉండదు. మీ ఫోనులో శబ్దం రికార్డు చేసుకోండి. కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షిశాస్త్ర ప్రయోగశాల ఉచితంగా అందించే మెర్లిన్ అనే యాప్ అరుపును విని పేరు సూచిస్తుంది. దాని మాటను సలహాగా తీసుకోండి, తీర్పుగా కాదు.

నాలుగో మెట్టు: తల మీదుగా ఎగిరినప్పుడు తోక కొస చూడండి

పక్షి మౌనంగా ఎగిరిపోతున్నప్పుడు మీ దగ్గర కొన్ని క్షణాలే ఉంటాయి. ఆ క్షణాల్లో రెక్కలు, తల, ముక్కు అన్నీ చూడాలని ప్రయత్నించి ఏదీ చూడలేకపోవడం కంటే, ఒక్క తోకనే చూడడం మేలు. కాకి తోక ఈకలన్నీ ఇంచుమించు ఒకే పొడవు ఉంటాయి కాబట్టి, విప్పినప్పుడు తాటాకు విసనకర్ర అంచులా గుండ్రంగా వస్తుంది. రేవెన్ తోకలో నడిమి ఈకలు పొడవు, పక్కలకు పోయేకొద్దీ పొట్టి. దానివల్ల తోక కొస మొనతేలి, పేకముక్క మీది డైమండ్ గుర్తు కింది సగంలా కనిపిస్తుంది. గద్ద తోక మధ్యలో నొక్కినట్టు లోపలికి పోయి ఉంటుందని మనందరికీ తెలుసు. గద్దకు లోపలికి పోయింది, రేవెన్‌కు బయటికి పొడుచుకొచ్చింది, కాకికి ఈ రెండూ లేవు అని గుర్తుపెట్టుకుంటే మరచిపోరు.

ఈ గుర్తు మోసపుచ్చే సందర్భాలు మూడు ఉన్నాయి. పక్షి తోక ముడుచుకుని నేరుగా పోతున్నప్పుడు ఏ తోకైనా మొనతేలినట్టే ఉంటుంది; అది మలుపు తిరిగేదాకా, లేదా వాలేముందు తోక విప్పేదాకా ఆగండి. వేసవి చివర ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకునే కాలంలో నడిమి ఈకలు లేక తోక ఏ ఆకారంలోనైనా ఉండవచ్చు. అప్పుడు గొంతును, ముక్కును ఆశ్రయించండి. మూడోది హిమాలయాలకు సంబంధించింది: అక్కడి కొండ బొంతకాకి తోక మైదానపు బొంతకాకి తోక కంటే పొడవై, కొస కాస్త మొనతేలినట్టు ఉండవచ్చు. లద్దాఖ్‌లో తోక ఒక్కదాన్నే నమ్మి రేవెన్ అని రాయవద్దు.

ఐదో మెట్టు: ఎగిరే తీరు గమనించండి

కాకి ఎగరడమంటే పని మీద పోవడం. రెక్కలు లయగా కొట్టుకుంటూ ఒకచోటి నుంచి మరోచోటికి వెళుతుంది. రెక్కలు చాచి తేలినా ఒకటి రెండు క్షణాలే. రేవెన్‌కు గాలి ఆటస్థలం. వేడిగాలి లేచే చోట గద్దలాగా రెక్కలు కదపకుండా వలయాలు తిరుగుతుంది. కొండ అంచున ఎదురుగాలిలో నిలబడినట్టు తేలుతుంది. ఉన్నట్టుండి ఒక పక్కకు దొర్లి, వెల్లకిలా కొంతదూరం పోయి, మళ్లీ మామూలుగా తిరుగుతుంది. జంటగా ఉన్నప్పుడు ఈ విన్యాసాలు మరీ ఎక్కువ. నల్లటి పక్షి ఒకటి మీరు పది అంకెలు లెక్కపెట్టేంతసేపు రెక్క ఆడించకుండా తేలితే, కాకి అన్న మాటను మీ మనసులోంచి దాదాపు కొట్టివేయవచ్చు.

నిశ్శబ్దంగా ఉన్న లోయలో అయితే మరొకటి గమనించవచ్చు. రేవెన్ తక్కువ ఎత్తున తల మీదుగా పోతే రెక్కల చప్పుడు, పట్టుచీర కుచ్చిళ్ల సవ్వడిలా, స్పష్టంగా వినబడుతుంది. ఊరి రొదలో ఈ పరీక్ష పనిచేయదు.

ఆరో మెట్టు: కూర్చున్నప్పుడు ముక్కు, గొంతు చూడండి

దగ్గరగా వాలిన పక్షి మీద బైనాక్యులర్స్ పెట్టగలిగితే తల భాగం చాలు. రేవెన్ ముక్కు తల పొడవుకు తగ్గనంతగా, బరువుగా, కొస వైపు వంగి ఉంటుంది. ముక్కుపుటాలను కప్పే గరుకు ఈకలు పై ముక్కులో దాదాపు సగం దాకా పాకి ఉంటాయి. మీసం మొలిచినట్టే అనిపిస్తుంది. కాకికీ ఆ ఈకలుంటాయి గాని అంత ముందుకు రావు, ముక్కు కూడా పలచన. అసలు గుర్తు గొంతు కింద ఉంది. రేవెన్ గొంతు మీది ఈకలు పొడవుగా, కొసలు మొనతేలి, చింపిరి గడ్డంలా వేలాడతాయి. అరిచేటప్పుడు అవి నిక్కబొడుచుకుంటాయి. కాకి గొంతు నున్నగా ఉంటుంది.

ఒక చిన్న హెచ్చరిక. ఇక్కడ మన బొంతకాకి అడ్డం వస్తుంది. దాని ముక్కు కూడా లావే కాబట్టి ముక్కును మాత్రమే చూస్తే తప్పుదారి పడతారు. కాని దానికి గడ్డం లేదు. ఇంగ్లండులో అయితే మొహం మీద ఈకలు లేక బూడిదతెలుపు చర్మం కనిపించే రూక్ అనే పక్షి ఉంది. మొహం బోడిగా ఉంటే రేవెన్ కాదు. లండన్ వెళ్లినవారికి సాధనకు తగిన చోటు టవర్ కోట. అక్కడ ఆనవాయితీగా కనీసం ఆరు రేవెన్లను పెంచుతారు, వాటిని చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగి ఉంటాడు. వాటిని కొన్ని అడుగుల దూరం నుంచి నిదానంగా చూసి, బయటికి వచ్చి థేమ్స్ ఒడ్డున తిరిగే కాకులను చూడండి. పది పుస్తకాలు చదివినా రాని స్పష్టత ఆ గంటలో వస్తుంది.

ఏడో మెట్టు: ఎవరితో ఉందో చూడండి

కాకులది ఉమ్మడి కుటుంబం. అమెరికా కాకుల్లో ముందు ఏడాది పిల్లలు తల్లిదండ్రుల దగ్గరే ఉండి, తరువాత పుట్టినవాటికి తిండి తెచ్చిపెట్టడం సాధారణం. చలికాలపు సాయంత్రాల్లో అవి వేలసంఖ్యలో ఒకే చోట నిద్రకు చేరతాయి. సియాటిల్ పక్కన, మన తెలుగువారు చాలామంది నివసించే బాథెల్‌లో, విశ్వవిద్యాలయ ప్రాంగణపు చిత్తడి నేలలో 10 వేలకు మించిన కాకులు చీకటిపడే వేళ ఆకాశం నిండా దిగే దృశ్యం చూడదగ్గది. రేవెన్లది వేరు కాపురం. పెద్దవి జంటగా, ఏడాది పొడవునా తమ హద్దు కాపాడుకుంటూ బతుకుతాయి. అందుకే ఒంటరిగానో, రెండుగానో ఉన్న నల్ల పక్షులు రేవెన్లు కావచ్చు, ఇరవై ఉంటే కాకులు అని ఒక లెక్క వేస్తారు.

ఈ లెక్కను మరీ గట్టిగా పట్టుకోకండి. జతకట్టని కుర్ర రేవెన్లు గుంపులుగా తిరుగుతాయి, చెత్తకుప్పల దగ్గర, చచ్చిన జంతువుల దగ్గర డజన్లకొద్దీ చేరతాయి. అమెరికాలోని మేన్ అడవుల్లో ఏళ్ల తరబడి వీటిని గమనించిన బెర్న్డ్ హైన్‌రిష్ దీనికి కారణం వివరించాడు: కళేబరాన్ని ఆ హద్దులోని పెద్ద జంట ఆక్రమించుకుంటే ఒంటరి కుర్ర పక్షి దగ్గరికి పోలేదు, అందుకని అది తనవంటివాటిని అరిచి పిలుచుకుని బలగంతో దిగుతుంది. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనంలో 1995లో తోడేళ్లను తిరిగి ప్రవేశపెట్టిన తరువాత వాటి వేట వెంటనే వాలే రేవెన్లను పరిశోధకులు మామూలుగా చూస్తున్నారు.

ఈ మెట్టులో మీకు దొరికే అతి విలువైన ఆధారం తగాదా. కాకులకు రేవెన్ అంటే పడదు. అది గుడ్లనూ పిల్లలనూ ఎత్తుకుపోతుంది గనుక కనబడిన చోటల్లా తరుముతాయి. ఉత్తర అమెరికాలో పక్షిప్రేమికులు నమోదు చేసిన ఇటువంటి తగాదాలను విశ్లేషించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 97 సందర్భాల్లో దాడికి దిగినది కాకే అని తేలింది. కాబట్టి ఆకాశంలో చిన్న నల్ల పక్షులు ఒక పెద్ద నల్ల పక్షిని వెంటాడుతుంటే, ఫోను వదిలి బైనాక్యులర్స్ అందుకోండి. రెండు జాతులూ ఒకే చూపులో పక్కపక్కన దొరికే అవకాశం అటువంటిది మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. వెంబడించేదీ వెంబడించబడేదీ రెండూ నల్లనివే అని మాత్రం నిర్ధారించుకోండి, ఎందుకంటే కాకులు డేగనూ గద్దనూ కూడా ఇలాగే తరుముతాయి.

ఎనిమిదో మెట్టు: పరిమాణాన్ని ఇప్పుడు చూడండి

అంకెలు చూస్తే తేడా పెద్దదే. అమెరికా కాకి ముక్కు నుంచి తోక దాకా సుమారు 40 నుంచి 50 సెంటీమీటర్లు, బరువు అర కిలోకు అటూ ఇటూ. రేవెన్ పొడవు 56 నుంచి 69 సెంటీమీటర్లు, బరువు తరచు కిలో దాటుతుంది. రెక్కలు చాచితే కాకి మీటరు లోపు, రేవెన్ మీటరు పైన. మన ఊరకాకి పొడవు 40 సెంటీమీటర్ల చుట్టూ, బరువు 300 గ్రాముల చుట్టూ ఉంటుంది కాబట్టి, తూకంలో ఒక రేవెన్‌కు మూడు నాలుగు ఊరకాకులు కావాలి.

ఇంత తేడా ఉండీ దీన్ని చివర పెట్టడానికి కారణం ఒకటే. ఒంటరి పక్షి పక్కన కొలతకు ఏమీ ఉండదు. ఖాళీ ఆకాశంలో దూరాన ఉన్న పెద్ద పక్షీ, దగ్గరున్న చిన్న పక్షీ కంటికి ఒకటే. చలికి ఈకలు ఉబ్బించుకున్న కాకి రేవెన్‌లా కనిపిస్తుంది. పైగా ఊరకాకిని కొలబద్దగా పెట్టుకుని పెరిగిన మన కన్నుకు అమెరికా కాకి కూడా పెద్దగానే తోస్తుంది. మనవాళ్లు పంపే రేవెన్ ఫోటోల్లో సగం మామూలు కాకులు కావడానికి కారణం ఇదే. పక్షి పక్కన పావురమో, సీగల్ అనే సముద్రపు పక్షో, మనిషి చేసిన కంచె స్తంభమో ఉంటే పోల్చి చూడండి. లేకపోతే పరిమాణం గురించి మీ నోటుపుస్తకంలో ఏమీ రాయకండి.

చూసేటప్పుడు పాటించవలసినవి

గూడు కనిపిస్తే దూరం నుంచే చూసి వెనుదిరగండి. కాకి పగ పట్టుకుంటుందన్న మన పెద్దల మాట ఉబుసుపోక కాదని సియాటిల్‌లో రుజువైంది. అక్కడి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ బృందం 2006లో ఒక మొహం తొడుగు పెట్టుకుని ఏడు కాకులను పట్టి వదిలింది. ఆ తరువాత ఏళ్ల తరబడి ఆ తొడుగు పెట్టుకుని ప్రాంగణంలో నడిచినవారిని కాకులు వెంటబడి తిట్టాయి, ఆనాడు పట్టుబడనివి కూడా వాటితో గొంతు కలిపాయి.

జాతీయ ఉద్యానవనాల్లో రేవెన్‌కు తిండి పెట్టవద్దు, అది నిబంధనలకు విరుద్ధం. పులిహోర పొట్లమున్న సంచిని కారు మీద వదలి ఫోటోలకు పోవద్దు. జిప్పు తెరవడం తెలిసిన పక్షి అది. నేల మీద రాలిన ఈక అందంగా ఉన్నా అమెరికాలో దాన్ని ఇంటికి తెచ్చుకోకూడదు. కాకి, రేవెన్ రెండింటి ఈకలూ 1918 నాటి వలసపక్షుల ఒప్పంద చట్టం కిందికి వస్తాయి. ఇక పెరట్లో తద్దినం పెట్టుకునేవారికి తరచు వచ్చే సందేహం ఒకటుంది: పిండం ముట్టినది కాకా, రేవెనా? బలిభుక్కు, అంటే బలి అన్నం తినేది, అన్న పేరు కాకిది. కాలిఫోర్నియాలో రేవెన్ వచ్చి తింటే ఏమవుతుందో పురోహితుణ్ణి అడగండి. వచ్చినది ఏదో తేల్చుకోవడానికి మాత్రం గొంతు కింద గడ్డం ఉందో లేదో చూస్తే చాలు.

తొమ్మిదో మెట్టు: రాసుకోండి, తేలకపోతే తేలలేదని రాయండి

చూసిన వెంటనే తేదీ, చోటు, అరుపు ఎలా ఉంది, తోక కొస ఎలా ఉంది, ఎన్ని ఉన్నాయి, తేలిందా రెక్కలు కొట్టిందా అన్నవి మాటల్లో రాసుకోండి. పేరు చివర రాయండి. మొదట పేరు రాస్తే మన జ్ఞాపకం ఆ పేరుకు తగినట్టు గుర్తులను సర్దుకుంటుంది. పైన చెప్పిన మెట్లలో చోటును మినహాయించి కనీసం రెండు గుర్తులు ఒకే వైపు చూపితే పేరు రాయవచ్చు. గొంతు, తోక ఈ రెండూ కలిస్తే మరి వెనుకాడనవసరం లేదు. గొంతు వినబడక, తోక విప్పక, ఎండకు ఎదురుగా నల్లటి నీడలా దాటిపోయిన పక్షికి బలవంతంగా పేరు పెట్టకండి. ప్రపంచమంతటా పక్షులను నమోదు చేసేవారు వాడే ఈబర్డ్ జాబితాలో ఇటువంటివాటి కోసమే, జాతి తేలని కాకి లేదా రేవెన్ అని రాసుకునేందుకు, ఒక గడి విడిగా ఉంచారు. దాన్ని ఎంచుకుని, సంఖ్య వేసి, తరువాతి పక్షి వైపు తిరగండి.